ఉడతకి జవాబు చెప్పొద్దు

నేను టీవీలో పనిచేస్తానని తెలియగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఏ ప్రోగ్రామ్‌లో కనిపిస్తారండీ?" అని. కనిపించనంటే ముఖం కాస్త చిన్నబోతుంది. "మరి కెమెరానా? ఎడిటింగా?" అదీ కాదు, ఇదీ కాదు అంటే ఇక నామీద ఆసక్తి పోయి, మాట ఇళ్ళ ధరల మీదకి వెళ్ళిపోతుంది. మా అమ్మకి ఈ గొడవంతా ఎందుకనిపించిందో ఏమో, "మా అమ్మాయి అమెరికా టీవీలో పెద్ద ఆఫీసరు" అని విజయవాడలో తెలిసినవాళ్ళందరికీ చెప్పేసింది. అది కాదమ్మా అని నేను దిద్దబోతే, "నీకేం తెలుసు, ఊరుకో" అంది.

ఆఫీసరూ లేదు, ఏమీ లేదు. న్యూజెర్సీలో మా స్టేషన్ వాళ్ళు బడికింకా వెళ్ళని చిన్నపిల్లల కోసం, దేశమంతా వచ్చే ఒక కార్యక్రమం వేస్తారు. అందులో చేతికి తొడుక్కుని ఆడించే ఉడత బొమ్మ ఒకటి ఉంటుంది. దానికి ఏమీ తెలీదు. ప్రతి వారం ఏదో ఒక సందేహంలో ఇరుక్కుని, "ఏమవుతుందంటావ్?" అని పిల్లల్ని అడుగుతుంది. పిల్లలు ఇంట్లో కూర్చుని ఊహిస్తారు, తర్వాత ఉడత చేసి చూస్తుంది, సగంసార్లు నీళ్ళలోనో పిండిలోనో పడుతుంది. టీవీ చూడని పిల్లల దగ్గరకీ, చూసినా పక్కన మాట్లాడేవాళ్ళు లేని పిల్లల దగ్గరకీ ఆ ఉడతని మోసుకెళ్ళడం నా ఉద్యోగం. లైబ్రరీలు, డేకేర్‌లు, పళ్ళ డాక్టర్ల వెయిటింగ్ రూములు, ఇండియన్ కిరాణా షాపులు, ఎక్కడ పిల్లలుంటే అక్కడికి. ఆఫీసులో దీన్ని పార్ట్‌నర్‌షిప్ అంటారు. బయటికొస్తే దాని అసలు రూపం బతిమాలుకోవడం.

ఒకసారి ఒక కిరాణా షాపాయన దగ్గరకి వెళ్ళాను. కూరగాయలు చూసి పిల్లలు ఊహించి ఆడుకునే ఆట ఒకటి పెడతాం, ఒక మూల చోటిస్తే చాలని అరగంట చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "పెద్దవాళ్ళే బెండకాయల తోకలు విరిచి పోతున్నారమ్మా. ఇక పిల్లల్ని కూడా దించుతావా?" అన్నాడు. చివరికి కొబ్బరికాయల బుట్ట పక్కన చోటిచ్చాడు, కొబ్బరికాయని ఎవరూ విరవలేరని. నాకు ఒళ్ళు మండింది గానీ, ఇచ్చిన చోటు ఇచ్చినట్టు తీసుకుని థాంక్స్ చెప్పి వచ్చాను. ఈ పనిలో రోషం పనికిరాదు. నాకు అది బోలెడుంది, అదే చిక్కు.

పార్సిప్పనీ అపార్ట్‌మెంట్లలో తెలుగులోనే శనివారం ఆటలు పెడదామన్న ఆలోచన నాది. లైబ్రరీలో మన తల్లుల్ని నేను చూస్తూనే ఉన్నాను. ఆట మొదలవగానే వెనక్కి జరిగి ఫోన్ తీస్తారు. పిల్లల మీద ప్రేమ లేక కాదు. పదిమంది అమెరికన్ల ముందు సొంత బిడ్డతో గట్టిగా ఇంగ్లిష్‌లో ఆడాలంటే నోరు రాదు. నేనూ అలా కూర్చున్నదాన్నే. మావాడు చిన్నప్పుడు, మా ఆయన వీసా మీద డిపెండెంట్‌గా ఉన్న రోజుల్లో, స్టోరీ టైమ్‌లో గోడకి ఆనుకుని డైపర్ బ్యాగ్ సర్దుకుంటూ గంట గడిపేదాన్ని. ఇక ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ అయితే లైబ్రరీ గుమ్మం కూడా తొక్కరు. ఇదంతా చెబితే మా మేనేజర్ విన్నది. ఆవిడ తెల్లజుట్టు మనిషి, మాట తక్కువ. వసంతకాలమంతా చేసి చూడమంది. చివర్లో కార్యక్రమం తయారుచేసే పెద్ద ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి చూస్తుంది, ఆవిడకి నచ్చితే కొనసాగుతుంది, లేకపోతే మళ్ళీ లైబ్రరీ, మళ్ళీ ఇంగ్లిష్.

మా ఆటకి ఒకే ఒక్క నియమం. పెద్దవాళ్ళు జవాబు చెప్పకూడదు. ఊహించడం పిల్లల పని, తప్పయితే ఉడతతో కలిసి నవ్వుకోవడం కూడా వాళ్ళ పనే.

ఈ నియమం మనవాళ్ళని ఎంత హింస పెట్టిందో చెప్పలేను. మొదటి శనివారం క్లబ్‌హౌస్‌లో బెలూన్ ఆట పెట్టాను. "గాలి వదిలేస్తే ఏమవుతుందంటావ్?" అని ఉడత అడిగిందో లేదో, వెనక నుంచి ఒక తండ్రి గుసగుసగా, "నాన్నా, థ్రస్ట్ అను, థ్రస్ట్" అంటున్నాడు. ఆ నాన్నకి మూడేళ్ళు. ఇంకొకాయన, "ఇది ఏ లెవెలండీ? తర్వాతి లెవెల్ ఎప్పుడు?" అన్నాడు. సర్టిఫికెట్ ఇస్తారా అని ఒకరు. కాంపిటీషన్ ఎప్పుడని ఇంకొకరు. లెవెల్ లేదు, సర్టిఫికెట్ లేదు, కాంపిటీషన్ అసలే లేదు, ఇంటికెళ్ళి పిల్లలతో ఇంకో బెలూన్ ఊదండి అన్నాను. నా గొంతు కాస్త పెరిగిందని తర్వాత మా ఆయన చెప్పాడు, తాళాలివ్వడానికి వచ్చి పార్కింగ్‌లోంచి విన్నాడట.

ఈ శనివారాలు నడిచాయంటే దానికి కారణం ఒక అమ్మాయి. ఆ కాంప్లెక్స్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌కి అడ్మిన్. కరీంనగర్ పిల్ల, ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసుకుంటుంది. క్లబ్‌హౌస్ బుక్ చేయడం, కుర్చీలు లెక్కచూడడం, రాననేవాళ్ళని రప్పించడం అన్నీ తనే. నన్ను మొదటి రోజే అక్కా అనేసింది. ఏ పనైనా చెప్పేలోపే చేసి ఉంటుంది, అంత చురుకు.

రెండో శనివారం అందరూ వెళ్ళిపోయాక కుర్చీలు మడుస్తూ తనే చెప్పింది. నాలుగు నిండిన కూతురుంది. ఆ పాప అంతసేపూ తల్లి కుర్తా అంచు పట్టుకుని నిలబడడం నేను చూశాను.

"ఇంట్ల ఊకుండదక్కా. పొద్దున లేస్తె పండుకునేదాంక ముచ్చట్లే. ప్రీస్కూల్‌కి పోయిందంటె నోరు తెరవది. బాత్రూమ్‌కి పోవాల్నన్నా అడగది. టీచర్ చానా రోజుల సంది చూస్తున్నదట, స్పెషలిస్ట్‌కి చూపియ్యుమంటున్నది."

"చూపించావా మరి?"

"అపాయింట్‌మెంట్ తీస్కున్న. చూపిస్త." కుర్చీని గోడకి ఆనించి, "ఈడికొస్తె బొమ్మ దిక్కు చూస్తున్నదక్కా. అట్ల ఎక్కడా చూడలే. ఇది మాత్రం బంద్ చెయ్యకుండ్రి" అంది.

నేను మాటివ్వలేదు. నా చేతిలో లేని దానికి మాటెలా ఇస్తాను? కానీ తర్వాతి శనివారం ఉడతని తొడుక్కుని ఆ పాప పక్కన నేల మీద కూర్చున్నాను. మంచుముక్కని ఉప్పులో పెడితే ఏమవుతుందని మిగతా పిల్లలంతా అరుస్తున్నారు. ఉడత చెవి పాప నోటి దగ్గర పెట్టి, ఊరికే ఉంచాను. చెయ్యి తిమ్మిరెక్కింది. తియ్యబుద్ధి కాలేదు. కాసేపటికి ఆ బొచ్చు చెవిలో చిన్న గాలి తగిలినట్టయింది. "ఏడుస్తది" అంది పాప. మంచుముక్క ఏడుస్తుందట. ఎంత బాగా చెప్పింది! ఉడత గంతులేసింది. తల్లి గది అవతల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. అప్పటి నుంచి ప్రతి శనివారం ఆ పాప ఉడత చెవిలో ఒక మాట చెప్పేది. మనుషులతో కాదు, ఉడతతోనే. అయినా నాకు మహా గొప్పగా ఉండేది.

పెద్దాఫీసావిడ రాక ఖాయమైంది. ఆ ముందు శనివారం అందరికీ చెప్పాను: "పైవారం ఆట, నీళ్ళలో ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని. మనల్ని చూడ్డానికి ఒకావిడ వస్తారు. ఇది ఉండాలో వద్దో ఆవిడే తేలుస్తారు. మామూలుగా రండి, మామూలుగా ఆడుకోండి, చాలు."

అందరూ తలూపారు. అడ్మినమ్మాయి మాత్రం నా వెంట కారు దాకా వచ్చింది. "అక్కా, ఆమె ఏమడుగుతది?"

"ఏమీ అడగదు. కూర్చుని చూస్తుంది."

"అంటె ఇన్‌స్పెక్షనా?"

"అలాంటిదే అనుకో" అని కారెక్కాను.

ఆ మాట విన్న తెలుగు మనిషి ఏం చేస్తాడో నాకు తెలిసుండాల్సింది. మా బడికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే ముందు నుంచే గోడలకి సున్నం, మాకు జవాబులు వేసేవారు. నది అంటే ఏమిటో తెలియని పిల్ల కూడా నదుల పేర్లు గడగడా అప్పజెప్పేది. ఆ రక్తం ఎక్కడికి పోతుంది? సముద్రాలు దాటినా మనతోనే వస్తుంది.

శనివారం పొద్దున నీళ్ళ తొట్టి, నారింజకాయలు, చెక్కముక్కలు మోసుకుని క్లబ్‌హౌస్ తలుపు తోశాను. మామూలుగా నేల మీద దొర్లుతూ ఉండే పిల్లలు వరసలు కట్టి బాసింపట్లు వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆడపిల్లలకి పట్టు పరికిణీలు, మగపిల్లలకి కుర్తాలు. తల్లిదండ్రులు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. గుమ్మంలో ముగ్గు. పక్క బల్లల మీద పులిహోర, ఇడ్లీలు, గారెలు, సకినాలు, లడ్డూలు, పెళ్ళికి పెట్టినట్టు పెట్టారు. తిండి లేకుండా మనం నలుగురం కలవం కాబట్టి దానికి ఆశ్చర్యపోలేదు. ఆ నిశ్శబ్దానికి ఆశ్చర్యపోయాను.

పెద్దాఫీసావిడ వచ్చింది. పొడుగు మనిషి, కురచ జుట్టు, నవ్వు ముఖం. పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని పెన్ను తీసింది. నేను తొట్టిలో నీళ్ళు పోసి, నారింజకాయ పట్టుకుని, ఉడతని లేపాను. "ఇది నీళ్ళలో వేస్తే ఏమవుతుందంటా..."

"ఫ్లోట్స్." గదంతా ఒక్క గొంతు.

"తొక్క తీస్తే..."

"సింక్స్. బికాజ్ ఆఫ్ ఎయిర్ పాకెట్స్ ఇన్ ద పీల్."

చెక్కముక్క తీయబోయాను. తీయకముందే చెప్పేశారు. ఆ తర్వాత తీయబోయే గోలీ సంగతి కూడా చెప్పేశారు. వెనక తండ్రులు ఒకరినొకరు చూసుకుని తృప్తిగా తలలాడిస్తున్నారు. నా చేతిలో ఉడత ఏం చెయ్యాలో తోచక అలా ఉండిపోయింది. దానికి తెలియనిదంతా ఆ గదిలో అందరికీ ముందే తెలుసు మరి.

చివరి ఆశగా ఉడతని ఆ పాప దగ్గరకి తీసుకెళ్ళాను. మొదటి వరసలో కూర్చోబెట్టారు తనని. అందరూ అరుస్తున్నప్పుడు తను ఒక్కతే నోరు మూసుకుని ఉంది. ఉడత చెవి పెట్టాను. పాప ఉడత వైపు చూడలేదు, మెడ తిప్పి తల్లి వైపు చూసింది. తల్లి వెనక నుంచి పెదాలు కదిలిస్తోంది: ఎయిర్, పాకెట్స్. పాప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని వారాలుగా నోటికి తోచింది చెప్పిన పిల్ల, ఇవాళ సరైన జవాబు ఒకటి ఉందని తెలిసి మళ్ళీ మూగబోయింది. నాకు ఎంత కోపం వచ్చిందో, అంత ఏడుపూ వచ్చింది.

పెద్దాఫీసావిడ పెన్ను మూసేసింది. నా వైపు వంగి మెల్లిగా, "వీళ్ళు ఇది ముందే చూశారు కదూ?" అంది ఇంగ్లిష్‌లో.

"అలాగే ఉంది" అన్నాను. "ఐదు నిమిషాలు ఆగండి" అని అడ్మినమ్మాయిని జబ్బ పట్టుకుని వంటగది మూలకి లాక్కెళ్ళాను.

"ఏం చేశావ్?"

తను బెదరలేదు. ఇంకా సంతోషంగానే ఉంది. "రెడ్‌మండ్‌ల మా చెల్లె ఉన్నదక్కా. ఆళ్ళ దగ్గర లైబ్రరీల ఇదే ఉడతతోని ఇదే ఆట, ఇదే వరసల పెట్టిన్రు. వీడియో తీసింది. గ్రూప్‌ల పెట్టిన. అందరం పిల్లలకి ప్రాక్టీస్ చేయించినం. బాగ చెప్పిన్రు గద?"

"బాగా చెప్పారా? మొత్తం తగలెట్టావు తల్లీ. ఆవిడ జవాబులు చూడ్డానికి రాలేదు. పిల్లలు ఆలోచిస్తుంటే చూడ్డానికి వచ్చింది. ఇప్పుడు చూడ్డానికి ఏం మిగిలింది? చిలకలు కూడా ఇంతకంటే..." ఇంకా చాలా అనబోయాను. నా నోరు లేస్తే ఆగదు.

తను చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. "ఇది బంద్ అయితె నా బిడ్డ ఎక్కడ మాట్లాడతదక్కా?" అంది. "మంచిగ కనబడాల్నని చేసిన. గంతే."

ఆ గదిలో ఈ శనివారాలు నిలవాలని నాకంటే ఎక్కువ కోరుకుంది తనే. ఆ కోరికతోనే చేజేతులా పాడు చేసుకుంది. కోపం ఎటు పోయిందో పోయింది. "ఏడవకు. వీడియోలో లేనిది ఏదైనా ఉందా ఇక్కడ?" అన్నాను. తను దిక్కులు చూసింది. నేనూ చూశాను. బల్ల మీద గారెలు కనిపించాయి.

ఒక గారె తీసుకుని గదిలోకి వెళ్ళాను. ముందు ఫోన్లన్నీ ఇడ్లీ గిన్నె పక్కన పెట్టించాను. "ఎవరైనా వీడియో తీస్తే పులిహోర పెట్టను" అన్నాను. తర్వాత ఉడత రెండు చేతుల్లో గారె పెట్టి నీళ్ళ మీదకి తీసుకొచ్చాను. "ఇదో?"

పిల్లలు తల్లుల వైపు చూశారు. తల్లులు తండ్రుల వైపు చూశారు. ఇంతమంది ఇంజనీర్లున్న గదిలో గారె సంగతి ఎవరికీ తెలీదు.

మొదట నోరు విప్పింది ఒక పెద్దావిడ. కొడుకు దగ్గరకి అమలాపురం నుంచి వచ్చింది, ఆ గారెలు ఆవిడవే. "తేల్తాదండీ. నా గారె మునగడవేంటండీ? పిండి రుబ్బాక నీళ్ళలో వేసి చూశాను, తేలింది. పిండి తేలితే గారె తేలదా?"

"అది పిండి అత్తయ్యగారూ, వేగాక డెన్సిటీ మారుతుంది" అన్నాడు ఒక తండ్రి.

"నూనె పీల్చుకుంటది కదా, నూనె నీళ్ళకంటే లైట్" అన్నాడు రెండో ఆయన.

"మధ్యలో హోల్ ఉంది బ్రో, అది లెక్కలోకి రాదా?"

"హోల్‌కి డెన్సిటీ ఏంటి బ్రో?"

ఆపలేదు నేను. నియమం జవాబు చెప్పొద్దని. వీళ్ళకి తెలిస్తే కదా చెప్పడానికి. పెద్దవాళ్ళు తెలియక కొట్టుకోవడం పిల్లలు ఎప్పుడూ చూసి ఉండరు, వరసలు తప్పి తొట్టి చుట్టూ మూగేశారు. మునుగుతుందని ఒకడు, కరిగిపోతుందని ఒకతి, చేప వచ్చి తింటుందని ఇంకొకడు. ఉడత గారెని వదిలింది. బుడుంగున మునిగింది. పెద్దావిడ "అయ్యో" అంది. అంతలోనే పైకి లేచి, తొట్టి మధ్యలో నిదానంగా తిరగడం మొదలెట్టింది. ఆవిడ పమిట సర్దుకుని కోడలి వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. పెద్దాఫీసావిడ కుర్చీ వదిలి నేల మీదకి దిగిందని అప్పుడే గమనించాను.

ఇక ఆగలేదు. ఇడ్లీ వేశారు, అది మునగనూ లేదు, తేలనూ లేదు, నీటి మట్టానికి తల పెట్టి ఆలోచిస్తూ ఉండిపోయింది. పట్టు పరికిణీలు తడిసిపోయాయి. ఎవరూ పిల్లల్ని వెనక్కి లాగలేదు. ఈలోపు గారె కూడా నీళ్ళు తాగి తాగి ఒక పక్కకి ఒరిగి మెల్లిగా అడుక్కి చేరింది. "ఇన్నేళ్ళు పెరుగ్గారెలకి నానేశాను గానీ, మునుగుతుందో లేదో ఏనాడూ చూళ్ళేదండీ" అంది పెద్దావిడ, అందరికంటే ఆశ్చర్యంగా.

పాప ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. చూసేసరికి బల్ల దగ్గర నిలబడి, వాళ్ళమ్మ చేసిన సకినం ఒకటి పట్టుకుని ఉంది. తల్లికి చూపించింది. ఏమవుతుందని అడగలేదు, ఊరికే చూపించింది. తల్లి సకినాన్ని చూసింది, తొట్టిని చూసింది, పెదాలు కదిలించబోయి ఆగింది.

"నాకు తెల్వది బిడ్డా" అంది. పదిమంది వినేట్టే అంది.

పాప తల్లిని ఒక క్షణం పరీక్షగా చూసి, తొట్టి దగ్గరకి వచ్చింది. ఉడత చెవిలో, "మునుగుతది" అంది. సకినం వేసింది. అది తేలింది. పాప నవ్వింది. తప్పు చెప్పి అంత హాయిగా నవ్విన మనిషిని మా కమ్యూనిటీలో నేనింతవరకూ చూడలేదు.

తర్వాత లడ్డూ వంతు వచ్చింది. పెద్దాఫీసావిడ చొక్కా చేతులు పైకి మడిచి, లడ్డూని తనే పట్టుకుని నీళ్ళ మీద పెట్టింది. ఆవిడకీ ఉత్సాహం ఆగలేదు పాపం. "ఓ, ఇది బరువుగా ఉంది. ఇది కచ్చితంగా..." అని ఇంగ్లిష్‌లో మొదలెట్టింది.

తడిసిన చిన్న చెయ్యి ఆవిడ మణికట్టు మీద పడింది.

"వెయిట్" అంది పాప. ఆవిడ ముఖంలోకి చూసి, గట్టిగా, అందరికీ వినబడేలా. "డోంట్ టెల్."

పెద్దాఫీసావిడ నోరు మూసేసింది. తనకి ఇదేమీ వింత కాదు, ఒక పిల్ల తనని ఆపింది, అంతే. ఆ పిల్ల బయటి పెద్దవాళ్ళెవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదని ఆవిడకేం తెలుసు? తెలిసినవాళ్ళం ఇద్దరమే. వాళ్ళమ్మ గోడకి అతుక్కుపోయింది. నేను కళ్ళు తుడుచుకుందామంటే ఒక చేతిలో ఉడత, ఇంకో చేతిలో ఇడ్లీ. చివరికి ఉడత తోకతో తుడుచుకున్నాను. లడ్డూ మునిగిందనుకోండి, అది ఎవరూ పట్టించుకోలేదు.

అంతా అయ్యాక పార్కింగ్‌లో ఆవిడకి పాప సంగతి చెప్పాను. పొద్దుటి చిలకపలుకుల సంగతి, వీడియో సంగతి, అది ఎవరు ఎందుకు పంపారో కూడా దాచలేదు. ఆవిడ కాసేపు తన మణికట్టు చూసుకుంది. "మొదటి పది నిమిషాల్లోనే వద్దని రాసేశాను" అంది. "ఆ పేజీ చింపేయాలి." వచ్చే ఏడాదంతా నడపమంది. పులిహోర డబ్బా ఒకటి అడిగి పట్టుకెళ్ళింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం నేను ఒక పళ్ళ డాక్టరు వెయిటింగ్ రూములో పార్ట్‌నర్‌షిప్ కోసం బతిమాలుకోవడానికి నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. అడ్మినమ్మాయి ఫోన్ చేసింది. స్పెషలిస్ట్ దగ్గరకీ తీసుకెళ్తున్నారు, శనివారాలకీ వస్తున్నారు, పాప కొద్దికొద్దిగా మాట్లాడుతోందని నాకు తెలుసు. కానీ ఆ గొంతు ఏదోలా ఉంటే భయమేసింది.

"అక్కా, ప్రీస్కూల్ కెల్లి ఫోన్ వచ్చింది. టీచర్ కంప్లైంట్ చేసింది."

"ఏమైంది?"

"సర్కిల్ టైమ్‌ల, అందరు గుండ్రంగ కూసున్నప్పుడు, మిగిలిన పిల్లల్ని మాట్లాడనిస్తలేదట. టీచర్ కథ చెప్తుంటె నడుమ నడుమ ఆపుతున్నదట. ఇంట్ల జర చెప్పుండ్రి అన్నది."

"మరి నువ్వేమన్నావ్?"

"థ్యాంక్యూ అన్న." అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఆమెకి సమజ్ కాలేదనుకుంట. మళ్ళ మొదటి సంది కంప్లైంట్ చెప్పింది. నేను మళ్ళ థ్యాంక్యూ అన్న."